పది గంటల దూరం

పెంపుడు జంతువుల్ని విమానాల్లో పంపే ఆ ఆఫీసులో బుకింగు గుమాస్తాకి తన నోటిలెక్క అంటే మహా గర్వం. రెండు ఊళ్ళ మధ్య దూరం చూడడం, తొమ్మిది వందలతో భాగించడం, గంటలు చెప్పేయడం. అవి విమానం గాలిలో ఉండే గంటలు మాత్రమే. మధ్య ఊళ్ళో దించి, ఇంకో విమానం ఎక్కించేదాకా పడే పడిగాపులు అందులో ఉండవు. ఆ సంగతి తెలియక కాదు, రోజూ చేసే పనే కదా అన్న ధీమా.

ఆ ధీమాతోనే, కుక్కని పంపించడానికి వచ్చిన ఒక టైలరమ్మకి జవాబిచ్చాడు. ఆమె విదేశంలో కొత్త ఉద్యోగానికి ముందుగా వెళ్తోంది, ఆమె కుక్క మర్నాడు బయల్దేరుతుంది. దాని దర్జా చూసి వీధివాళ్ళు దానికి దొర అని పేరు పెట్టారు. గడ్డి మీదికి తీసుకెళ్తే తప్ప దొరగారు ఒంటికి వెళ్ళరు.

"బోనులో ఎంతసేపుంటాడండీ వీడు?"

"తొమ్మిది వేల కిలోమీటర్లు. పది గంటలమ్మా."

"పదైతే ఆగుతాడు. ఎక్కువైతే మాత్రం మధ్యలో దించి నడిపించే మనిషిని పెట్టండి, డబ్బులిస్తాను."

"అవసరం లేదమ్మా, నిద్రపోయి లేచేసరికి మీ దగ్గరుంటాడు" అన్నాడు గుమాస్తా.

మర్నాడు పొద్దున్నే దొర వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నం తింటూ పక్క టేబుల్ అక్క అడిగింది. "దొరకి మధ్యలో నడక పెట్టించావా? అక్కడ సగం రోజు ఆగాలిగా?"

గుమాస్తాకి అప్పుడు తట్టింది. ఇక్కడ బోను తలుపు వేసింది మొదలు అక్కడ తీసేదాకా దాదాపు ఒక రోజు! ఇంకా సమయం ఉంది. మధ్య ఊరి ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ ఎదుటి కుర్చీలో ఓనరు ఉన్నాడు. పోయిన వారమే ఒక పిల్లిని తప్పు విమానం ఎక్కించి, ఆయన చేత నానా చీవాట్లూ తిన్నాడు గుమాస్తా.

"ఆవిడే వద్దందక్కా" అన్నాడు. అంత సులువుగా అబద్ధం వచ్చినందుకు అతనికే ఒళ్ళు మండింది. కంచం పక్కకి నెట్టేశాడు. సాయంత్రం బాత్రూముకి వెళ్ళొస్తుంటే సిగ్గేసింది. ఏ మూల గిడ్డంగిలోనో ఆ కుక్క బిగబట్టుకుని కూర్చుని ఉంటుంది.

తరువాతి రోజు టైలరమ్మ ఫోన్ చేసింది. దొర ప్రాణాలతో చేరాడని వినగానే గుమాస్తాకి పోయిన ఊపిరి తిరిగొచ్చింది.

"కానీ బోనంతా పాడుచేశాడండీ. పుట్టి బుద్ధెరిగాక ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. రాత్రి ఎక్కినవాడివి, పది గంటలు కూడా ఆగలేకపోయావా అని బాగా తిట్టాను. అప్పట్నుంచీ మూల కూర్చుని నా మొహం చూడట్లేదు. మీ బోను కదా, ఏమీ అనుకోకండి, కడిగించిన ఖర్చు ఇస్తాను."

తప్పు వాడిది కాదమ్మా, నాది. అలా చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఎదురుగా ఓనరు తలెత్తి చూశాడు.

"పర్లేదమ్మా" అన్నాడు గుమాస్తా. "మూగజీవం, దానికేం తెలుసు?"

అవతల ఆమె ఫోను కాస్త పక్కకి పెట్టి కుక్కతో మాట్లాడడం వినిపించింది.

"విన్నావురా దొరా? ఆ సారు పెద్ద మనసుతో నిన్ను క్షమించేశారు. ఇక లే నాన్నా."