గుంజకూడని తాడు

నారాయణఖేడ్ అవతలి పాత మెట్లబావిలో ఈత రానివాళ్లు దిగరు, వచ్చినవాళ్లు అసలే దిగరు. అడుగున నీళ్లలో మునిగిన కమాను, దాని వెనక సొరంగం. నిరుడు వానాకాలం ఒక మనిషి అందులో ఇరుక్కుంటే, సహాయదళంలో పనిచేసే సలోమి కమాను దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. లోపలికి పోయే విద్య రాదు మరి. ఆ మనిషి దక్కలేదు, అతని భార్య ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే సలోమిని నిద్రపోనివ్వలేదు. అందుకే ఇప్పుడు గాలి సిలిండరు వీపున కట్టుకుని నేర్చుకుంటోంది.

చీకట్లో దారి తప్పకుండా కమాను నుంచి సొరంగం కొస దాకా ఒక తాడు కట్టారు. నేర్పే అంబదాస్‌ది ఒకటే పాట. "తాడు పట్టుకొనే పోవాలె, పట్టుకొనే రావాలె. గుంజొద్దు. గది నీ బర్రె కాదు, గుంజితే వచ్చెటందుకు."

"ఎన్నిసార్లు చెప్తవే అన్నా!"

"నీకు కాదు. నీ చేతికి చెప్తున్న."

ఆ రోజు సొరంగం కొస దాకా పోయి వెనక్కి మళ్లారు. ముందు సలోమి, వెనక ఆమె పిక్క పట్టుకుని అంబదాస్. ఎవరి కాలు తగిలిందో, ఒండ్రు లేచింది. లైటు ఉన్నా లేనట్టే అయింది. అంతలో పిక్క మీది చెయ్యి జారిపోయింది.

సలోమికి పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నప్పుడు మనూర్‌లో నాయన జోసెఫ్ ఆమె నడుముకు తాడు కట్టి పొలం బావిలో ఈతకు వదిలేవాడు. భయమేస్తే ఒక్క గుంజు గుంజితే చాలు, పైకి లాగేవాడు. ఇప్పుడూ చెయ్యి దానంతటదే గుంజింది.

తాడు వదులైపోయింది. కమాను దగ్గరి ముడి ఊడింది.

పైన నాయన లేడు. వెనక అంబదాస్ ఉన్నాడు, ఆ తాడే దారిగా. ఇంకోసారి గుంజితే లోపలి ముడీ ఊడుతుంది. సలోమికి ఏడుపొచ్చింది, కానీ నీళ్లలో ఏడ్చి ఏం లాభం? పోయేటప్పుడు ఎడమవైపున్న గోడను ఇప్పుడు కుడిచేత్తో తడుముకుంటూ, ఊడి చేతిలోకి వచ్చిన తాడును ఎడమచేత్తో కొంచెం కొంచెం వదులుతూ కదిలింది.

పచ్చటి వెలుతురు. కమాను! సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. పైకి పోతే తను బతికిపోతుంది. మళ్లీ కమాను దగ్గర్నుంచే వెనక్కా? సిగ్గూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. కాళ్లు రెండూ రాళ్లకు తన్నిపెట్టి, వదులు పోయేంత మేరకే తాడు బిగించి పట్టుకుంది.

ఎంతసేపటికో తాడు కదిలింది. బురదలోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె పిడికిలి మీద పడింది.

మెట్ల మీదికి వచ్చాక సలోమి ముందు ఆ మాటే చెప్పింది. "ముడి నేనే ఊడగొట్టిన అన్నా. గుంజిన."

"ఎరుకే. ఇంకో దిక్కు నా చేతిలనే ఉండె గదా." అంబదాస్ ముఖం మీది బురద తుడుచుకున్నాడు. "ఇగ ఇడువు, తాడు."

సలోమి చూసుకుంది. పిడికిలి ఇంకా బిగిసే ఉంది, ఎంత అనుకున్నా తెరుచుకోవడం లేదు. అంబదాస్ పక్కన కూచుని ఒక్కో వేలే విప్పాడు.