తాడు వెనక్కి లాగింది

బడి తోటమాలి వచ్చేలోగా అతనిచ్చిన గడ్డి కోసే మిషన్ స్టార్టవ్వాలి, లేదంటే షాపు మూసెయ్యాలి. పొద్దున్నే మరిది పెట్టిన షరతు అది. అన్న పోయాక వదిన బాగుచేసిన ఇంజన్లలో మూడు తిరిగొచ్చాయి మరి. అతను స్టూలు లాక్కుని, పరీక్షకు కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాడు.

ఆమె కార్బొరేటర్ విప్పి, కడిగి, బిగించి తాడు లాగింది. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది. మళ్లీ విప్పింది. పెట్రోలు అందుతోంది. ప్లగ్గులో నిప్పురవ్వ నిక్షేపంగా ఉంది. మూడోసారి కార్బొరేటర్ మీద చెయ్యి వెయ్యబోతే మరిది నవ్వాడు.

"ఇంకెంత కడుగుతావు వదినా, అరిగిపోతుంది."

"నువ్వు కాస్త జరుగు. వెలుతురుకి అడ్డం."

రోషంకొద్దీ తాడు బలంగా లాగింది. ఈసారి తాడే ఆమె చేతిని వెనక్కి లాగింది. వేళ్లు చురుక్కుమన్నా మిషన్ మీంచి చూపు తిప్పలేదు. ఇంజన్ ఎదురు తన్నిందంటే రవ్వ రావలసిన క్షణానికి రావడం లేదన్నమాట. ఆ క్షణం తప్పకుండా చూసేది ఇంజన్ పైనున్న చక్రం. బ్లేడుకు గట్టి దెబ్బ తగిలితే అది పక్కకు జరుగుతుంది. పొద్దుటినుంచీ దాని జోలికే పోలేదు తను!

ఇంతలో తోటమాలి రానే వచ్చాడు.

"అయిందా అమ్మా?"

"నిజం చెప్పన్నా, బ్లేడు దేనికి తగిలింది?"

"దేనికీ లేదమ్మా. అంతా మెత్తటి గడ్డే."

ఆమె మిషన్ వాల్చి, బ్లేడు అంచున లోతుగా పడిన నొక్కు చూపించింది. "మెత్తటి గడ్డికి ఇంతేసి పళ్లా?"

తోటమాలి బుర్ర గోక్కున్నాడు. "రాయి తగిలిందమ్మా. బళ్లో చెప్పకు, నన్ను బతకనివ్వరు."

మరిది లేచాడు. "గడువైపోయింది వదినా."

"వచ్చాడు గానీ ఇంకా పోలేదుగా. కూర్చో!"

చక్రం ఊడదీసింది. దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప బిళ్ల, రాయి దెబ్బకు సగానికి నలిగి పక్కకు జరిగి ఉంది. కొత్త బిళ్ల వేసింది, బ్లేడు మార్చింది, చక్రం బిగించింది. తాడు మాత్రం మరిది చేతికిచ్చింది.

"నువ్వే లాగు. తర్వాత నీకు అనుమానం ఉండకూడదు."

అతను అయిష్టంగానే లాగాడు. ఒక్క లాగుకే ఇంజన్ గర్జించింది. మరిది ఏదో గొణిగాడు.

"ఏంటీ? గట్టిగా చెప్పు!" అని అరిచింది ఆమె.

"షాపు నువ్వే నడుపుకో వదినా!"

ఆ అరుపుకి ఎదుటి కొట్టువాడు కూడా తొంగిచూశాడు. అప్పుడు ఆమె ఇంజన్ ఆపింది.