సొంత పడవ వేలం

కైకలూరు చేపల మార్కెట్లో హేమసుందర్ గొంతెత్తి వేలం వేస్తే గంపలు ఇట్టే అమ్ముడయ్యేవి. పటమట డాక్టరుగారు బైపోలార్ జబ్బుకి మాత్రలు మొదలుపెట్టాక ఆ నాలుక మందగించింది. ఆ ఉదయం అతను మాత్రను కిటికీలోంచి విసరబోతుంటే భార్య నాగమల్లేశ్వరి చూసింది.

"మానేస్తానే. వేలంపాట పోయాక నేనెవర్ని?"

"నిరుడు మానేసి ఏం చేశావు బావా? చేపలైపోయినా ఊపు తగ్గక మన పడవనే వేలం వేసేశావు. కొన్నోడు మంచోడు కాబట్టి తిరిగిచ్చాడు. ఆనక నువ్వు మంచం దిగితే ఒట్టు."

అతనికి నవ్వొచ్చింది, ఆ వెనకే భయమూ వేసింది.

"నోరు తిరగట్లేదని డాక్టరుగారికి చెబుదాం. మోతాదు సంగతి ఆయన చూస్తారు. నీ అంతట నువ్వు మాత్రం మానకు."

హేమసుందర్ మాత్ర మింగి మార్కెట్టుకెళ్లాడు.

"ఏంటి హేమా, పాట ఎడ్లబండెక్కింది?" అన్నాడో వ్యాపారి.

"ఎక్కనీ. పడవ రేవులోనే ఉంది కదా," అంటూ అతను తర్వాతి గంప ముందుకు లాగాడు.