బావికాడి ఇంజను

ఆ రోజు రామసుబ్బమ్మ తెల్లారకముందే పొయ్యి ముట్టించింది. బద్వేలు నుంచి మనుషులొస్తారు, బావికాడ ఇంజను విప్పాల, అందరికీ సంగటి చెయ్యమని మొగుడు ఓబులేసు ముందురోజే చెప్పిపెట్టినాడు. ఇంజను ఈమధ్య ఆగి ఆగి తిరుగుతోంది, బాగుచేయించడానికే కాబోలనుకుంది. నోరు తెరిచి అడక్కుండానే తన కోసం ఒక పని జరుగుతోందనిపించి, సంగటిలోకి చెనిక్కాయల ఊరిమిండి కూడా నూరింది.

గంప నెత్తిన పెట్టుకుని చేనికి పోయేసరికి ఇంజను బావి గట్టున లేదు. మోకులు కట్టి ఎద్దులబండిలోకి ఎక్కించేసినారు. బద్వేలులో బస్సులు బాగుచేసే దావీదురాజు చేతులు తుడుచుకుంటా, “శానా మంచి ఇంజనమ్మా, కార్లో బాగా కుదురుతాది” అన్నాడు. ఆమె గంప దించి అందరికీ వడ్డించింది. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు.

ఆ కారు మద్రాసులో ఎవరో దొర దేశం వదిలిపోతా అమ్ముకున్నది. ఎర్రగా, నేలకు ఆనుకున్నట్టు ఉంటుంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పందేల్లో తోలడానికి చేసిందంట. ఓబులేసు దాన్ని లారీలో తెచ్చి, ఊరంతా చూస్తుండగా దింపినాడు. కొన్నాళ్లకే దాని ఇంజను పట్టేసింది. సామాన్లు ఇంగ్లండు నుంచి రావాలన్నారు, తర్వాత అక్కడా దొరకవన్నారు. అప్పటినుంచి కొట్టంలో పడుండేది. దానికి బావికాడి జీపు ఇంజను బిగించొచ్చని దావీదురాజు చెప్పినాక ఓబులేసు ఇంకేమీ ఆలోచించలేదు.

యుద్ధమైనాక మిలిటరీవాళ్లు వేలమేసిన జీపులోది ఆ ఇంజను. కోయిలకుంట్లలో ఉండే ఆమె నాయన పెండ్లప్పుడు మెట్టినూర్లోనే చేను కొని, “ఇది నీ చేనమ్మా” అని నలుగురిలో చెప్పి, బావికాడ ఈ ఇంజను పెట్టించి పంపు తగిలించినాడు. చీనీ చెట్లు ఆమే నాటింది. రోజూ పొద్దున్నే పోయి తనే హ్యాండిల్ తిప్పేది. ఇంట్లో అయితే సుబ్బమ్మా నీళ్లు, సుబ్బమ్మా దూడ తాడు తెంచుకున్న్యాది, సుబ్బమ్మా మజ్జిగలో ఉప్పేదే అని పిలుపు మీద పిలుపు. ఇంజను తిరుగుతున్నంతసేపు ఆ చప్పుడులో ఎవరు కేకేసినా వినపడేది కాదు. కాలువ గట్టున కూర్చుని ఒక్కోరోజు పాడుకునేది, ఒక్కోరోజు ఏడ్చేది, ఒక్కోరోజు ఊరికే నీళ్లు చూస్తా ఉండేది. ఆ చప్పుడు తప్ప తనకంటూ ఒక గది లేదని ఆమెకు ఇంజను పోయినాకే తెలిసింది.

కొట్టంలో పని శానా రోజులు సాగింది. జీపు ఇంజను ఎర్రకార్లో పట్టలేదు. దావీదురాజు లోపలి పట్టీలు కోసి వేరే ఇనుము అతికించినాడు, షాఫ్టు తెగ్గోసి మళ్లీ జోడించినాడు. అప్పటికీ మూత పడకపోతే దానికి బొక్క కొట్టినాడు. అన్నాళ్లూ వాళ్లకు కాఫీ, సంగటి, స్నానాలకు ఉడుకునీళ్లు, నూనె మరకల గుడ్డలుతకడం అన్నీ ఆమె మీదే. చీనీ చెట్లకు నీళ్లెట్లని మొగుణ్ణి ఒక్కసారి అడిగింది. ఎద్దులతో కపిల కట్టి నీళ్లు తోడుకోమన్నాడు. ఎద్దులు సేద్యంలో ఉన్నాయంటే, వానొస్తే చెట్లు అవే తేరుకుంటాయన్నాడు. మగోడు ముచ్చటపడినప్పుడు ఆడది మొగం ముడుచుకోకూడదని అత్త సిద్దమ్మ బుద్ధి చెప్పింది.

కారు కదిలిన రోజు సిద్దమ్మ దిష్టి తీసింది. పక్కసీట్లో ఓబులేసు స్నేహితుడు కూర్చున్నాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా రామసుబ్బమ్మ వాకిట్లో నిలబడింది. తర్వాత కడవ తీసుకుని చేనికి పోయింది. ఎండాకాలమంతా చేది పోసింది. ఈ చివర చెట్టుకు పోసి వచ్చేలోపల ఆ చివర చెట్టు ఆకులు ముడుచుకునేవి. పిందెలు రాలినాయి, కొమ్మలు ఎండినాయి. ఆఖరికి వేళ్లదాకా ఎండినాయని తెలిసినా కొన్నాళ్లు పోస్తూనే ఉంది.

సిద్ధవటం దారిలో ఓబులేసు ఇంజన్లో నీళ్లు చూసుకోకుండా తోలినందుకు ఆ ఇంజనూ ఉడికి పగిలిపోయింది. ఇక అది కారుకూ పనికిరాదు, బావికీ పనికిరాదన్నాడు దావీదురాజు. ఓబులేసు రెండురోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు చేను అమ్మి కారుకు మంచి ఇంజను తెస్తానన్నాడు, చెట్లు ఎట్లాగూ సచ్చినాయి గదా అన్నాడు.

“నేను వేలిముద్ర వెయ్యను” అంది రామసుబ్బమ్మ.

పెండ్లయినప్పటినుంచి ఆమె అతనికి ఎదురుచెప్పిన మాట అదొక్కటే. అతనికి కోపం రాలేదు, ఆశ్చర్యపోయినాడు.

“నీ వేలిముద్ర ఎవురడిగినారే? చేను నా పేర్న ఉండాది. మీ నాయనే రాయించినాడు.”

ఆమె ఆ పొద్దే బస్సెక్కి కోయిలకుంట్లకు పోయింది. అరుగు మీద కూర్చున్న నాయనను నిజమేనా అని అడిగింది. నాయన మంచివాడు, ఎప్పుడూ ఆమె మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడూ మెల్లగానే చెప్పినాడు.

“నీ పేర్న రాస్తే అల్లుడు చిన్నబుచ్చుకుంటాడని రాయించలేదు తల్లీ. వానిదైతే నీది కాదా?”

నాలుగురోజులుండు, నేనే తీసకపోయి దిగబెడతానన్నాడు. రామసుబ్బమ్మ లోపలికి పోయి అమ్మ పెట్టిన అన్నం తినింది.

సాయంత్రం, కలుపు తీసే ఆడవాళ్లను పిలుచుకుపోయే సుంకులమ్మ వీధిలో పోతుంటే రామసుబ్బమ్మ వాకిట్లోకి వచ్చి ఆపింది. రేపు పొద్దున తననూ పిలవమంది. సుంకులమ్మ నమ్మలేక అరుగు వైపు చూసింది. నాయన లేచి నిలబడినాడు.

“ఏమిది సుబ్బమ్మా? మన ఇంటి ఆడది కూలికి పోతాదా?”

“ఇన్నాళ్లూ పోయింది కూలికే నాయనా” అంది రామసుబ్బమ్మ. “కూలి ఇయ్యలేదు, అంతే.”