కళావతి ఇంట్లో నెట్టు ఎందుకు తెగుతోంది
కళావతి పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మణుగూరు అవతలి ఆ గూడెంలో అందరికీ తెలుసు. ఆ పట్టుదలతోనే ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. పట్నంలో కిరాయి గదుల్లో బతకనని తిరిగొచ్చి, తల్లి భీమక్క ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్లో ఏడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం సంపాదించింది. మార్చిలో ఇంటి కప్పు మీద తెల్ల డబ్బా బిగించారు. గుట్ట మీది టవర్ నుంచి గాలిలో వచ్చే నెట్టును అది అందుకుంటుంది. ఏప్రిల్ అంతా బ్రహ్మాండంగా నడిచింది. మే దాటాక మొండికేసింది. భిన్నాలు చెబుతూ చెబుతూ ఆమె తెర మీద నోరు తెరుచుకుని ఆగిపోయేది. అవతల ముప్పైమంది పిల్లలు పకపకా నవ్వేవారు.

జూలైలో కంపెనీ వాళ్లు మర్యాదగానే కబురు పెట్టారు. వచ్చే సోమవారం పెద్దసారు ఒకాయన క్లాసులో కూర్చుని చూస్తాడు. ఆ రోజు కూడా తెగితే హైదరాబాదు ఆఫీసుకు వచ్చి చెప్పాలి, లేదంటే ఉద్యోగం మానుకోవాలి.

కళావతి బెదరలేదు. లెక్క అన్నాక జవాబు ఉండే తీరుతుంది అనుకుంది. అప్పటికే తొమ్మిది రోజులుగా నోటుబుక్కు రాస్తోంది. ముందుగా ఇంట్లోని వైఫై మీద అనుమానపడి, ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు పెట్టింది. అయినా తెగింది. వైఫై పాపం నిర్దోషి. కరెంటును అనుమానించి బ్యాటరీ మీద నడిపించింది. అయినా తెగింది. ఇక గంటగంటకూ ఎండా వానా గాలీ రాసిపెట్టింది.

"గంటకోసారి రాస్తున్నవ్, దానికేమన్న జరమొచ్చిందా?" అని నవ్వింది భీమక్క.

"జరం కాదే. గాలొస్తే తెగుతున్నది. వానపడి వెలిసినంక ఇంకా ఎక్కువ తెగుతున్నది. గాలి లేని మధ్యాహ్నం మాత్రం సక్కగుంటది. అంటే రోగం ఇంట్ల లేదు, బయటున్నది."

నిచ్చెన వేసుకుని కప్పెక్కింది. తెల్ల డబ్బా పక్కన తల పెట్టి, అది చూసే వైపే చూసింది. టవర్ లేదు. గుట్టే లేదు. కళ్లనిండా పచ్చగా, దట్టంగా, తడితడిగా ఇప్పచెట్టు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

డబ్బా బిగించిన సతీష్‌కు ఫోన్ చేస్తే, "ఆ కొమ్మలు కొట్టించండక్కా, అయిపోద్ది" అన్నాడు తేలిగ్గా.

అతనికేం, అంటాడు. ఆ చెట్టు అవతలి ఇంటి పగిడయ్యది. నేల ఎవరిదైనా, ఆ చెట్టు కింద రాలిన పువ్వు తాతల నాటి నుంచి ఆ ఇంటివాళ్లదే. ఇంకొకరు ఒక్క పువ్వు ఏరరు. ఇక కొమ్మ సంగతి చెప్పాలా? అయినా కళావతి నోటుబుక్కు చంకన పెట్టుకుని చెట్టు దాటి అవతలి ఇంటికి వెళ్లింది. రుజువు చేతిలో ఉండగా జంకెందుకు?

పగిడయ్య అరుగు మీద తాడు పేనుతున్నాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"రెండే కొమ్మలు తాతా" అని ముగించింది.

"నాకొకటి చెప్పు పిల్లా. డబ్బా పెట్టిననాడు నేను గా చెట్టు కిందనే పువ్వు ఏరుతున్న. గీడ పెట్టమని ఆ పోరనికి చూపిచ్చింది ఎవరు?"

"నేనే."

"చెట్టు మోడుగున్నది అప్పుడు. ఇప్పకు మల్ల ఆకు రాదనుకున్నవా?"

కళావతి చెట్టు వైపు తిరిగి చూసింది. ఈ చెట్టు నీడలో నడక నేర్చిన పిల్ల తను. ఏ నెలలో ఆకు రాలుతుందో, ఏ నెలలో చిగురు వేస్తుందో అక్షరాల కంటే ముందే నేర్చింది. సతీష్ పట్నంవాడు, అతనికి తెలియకపోవడం సహజం. తనకేమైంది? సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తల దించుకున్నది ఒక్క నిమిషమే. ఎత్తేసరికి అరుగు ముందు, చెట్టు అడ్డు లేకుండా, గుట్టా దాని మీద టవరూ నిలువునా కనిపించాయి.

"కొమ్మ వద్దు తాతా. డబ్బా నీ కప్పు మీద పెట్టనిస్తవా? పాఠం గీ అరుగు మీద కూసోని చెప్త."

"కూసో. అరుగేమన్న అరిగిపోతదా?"

శనివారం సతీష్ వచ్చి డబ్బా మార్చాడు. సోమవారం పొద్దున్నే ముసురు పట్టింది. ఈదురుగాలికి ఇప్పకొమ్మలు ఊగిపోయాయి. కళావతి అటు చూడనైనా చూడలేదు. నలభై నిమిషాలు భిన్నాలను కూడింది, తీసివేసింది, భాగించింది. పిల్లలకు నవ్వే సందు ఒక్కటీ దొరకలేదు. పగిడయ్య తాడు పక్కన పెట్టి ఆసాంతం విన్నాడు.

పిల్లలంతా వెళ్లాక పెద్దసారు తెర మీదికి వచ్చాడు. "ఒక్కసారి కూడా తెగలేదు. అక్కడి నుంచే చెప్పండి మేడం, ఇబ్బంది లేదు. ఇంతకీ ఏం మార్చారు?"

"ఇప్పచెట్టు అడ్డమొచ్చింది సార్" అంది కళావతి. "అది నాకంటే ముందు నుంచి ఈడున్నది. అందుకే నేనే జరిగిన."