గడియ పెట్టని బుధవారం

బుధవారం పార్లర్‌కి మధ్యాహ్నం నుంచి సెలవు. పెద్దక్క ఒంటిగంటకల్లా దువ్వెనలు కడిగి ఆరబెట్టి, నేలమీది జుట్టు ఊడ్చి, చేతిసంచీ తగిలించుకుని నాలుగు సందుల అవతలున్న సినిమా హాలుకి నడిచేది. పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్లు కదా, నడక ఈడ్చినట్టే ఉండేది.

ఆ హాల్లో బుధవారం మ్యాట్నీకి ఎప్పుడూ ఒకటే బొమ్మ. పాతది, నలుపు తెలుపుది. ఒక నాటకాల కంపెనీ, ఇద్దరు నటీమణులు, ఒకటే రాణి వేషం. ఏళ్ల తరబడి పెద్ద నటి వేస్తున్న ఆ వేషం మీద చిన్న నటి కన్ను పడుతుంది. ఒకరోజు పిల్ల స్టేజీ ఎక్కకుండా పెద్దామె మేకప్ గదికి బయట గడియ పెడుతుంది. పిల్ల కిటికీలోంచి దూకి, మోకాలు చీరుకుపోయినా పరిగెత్తుకొచ్చి వేషం కొట్టేస్తుంది.

వయసులో ఉన్నప్పుడు ఆ కిటికీ సీను దగ్గర పెద్దక్క ఈల వెయ్యడం ఒక్కటే తక్కువ. ఎప్పుడు పార్టీ మార్చిందో తనకే గుర్తులేదు. ఇప్పుడు తలుపు సీనొస్తే "గట్టిగా పెట్టు తల్లీ" అని లోపల్లోపల అనుకుంటుంది. హాల్లో సగం మంది ఆడవాళ్ల సంగతీ అంతే.

పెద్ద నటి కూడా ఈమధ్య బాగా అలిసిపోయింది. తన సీన్లు లేనప్పుడు తెర దిగొచ్చి మూడో వరసలో చివరి సీట్లో కూర్చుంటోంది. టికెట్లు చింపే ముసలాయన ఆ సీటు ఎవరికీ ఇవ్వడు. ఉక్కగా ఉంటే గ్లాసుతో నీళ్లు తెచ్చిస్తాడు. కిందికొచ్చినా ఆమె నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. "పాపం, ఎంతసేపని నిలబడుతుంది" అంటూ జనం కాళ్లు ముడుచుకుని దారిస్తారు.

ఆ బుధవారం పెద్దక్క ఆమె పక్క సీట్లో కూర్చుంది.

ముందురోజు ఓనరమ్మ పిలిచి చెప్పింది. గురువారం నుంచి అద్దం ముందున్న పెద్ద కుర్చీ చిన్నదానిది. పెద్దక్క వెనక తొట్టి దగ్గర తలలు కడగాలి. చిన్నదంటే ఎవరో కాదు, పెద్దక్క చేతికింద కత్తెర పట్టడం నేర్చుకున్న పిల్లే. "నీకూ విశ్రాంతిగా ఉంటుందిలే" అంది ఓనరమ్మ. రోజంతా నడుం వంచితే అదేం విశ్రాంతో వంచేవాళ్లకే తెలుస్తుంది.

పెద్దక్క తలూపి వచ్చేసింది గానీ మనసులో ఒకటి పెట్టుకుంది. గురువారం హెడ్‌మిస్ట్రెస్ జుట్టుకి రంగేయించుకోడానికి వస్తుంది. మామూలు నల్లరంగు ఆవిడకి పడదు. ఎప్పుడో చెవి వెనక చుక్క పెట్టి చూస్తే ఎర్రగా కందింది. అప్పట్నుంచీ పెద్దక్క చడీచప్పుడు లేకుండా వేరే డబ్బా వాడుతోంది. ఆ సంగతి ఆవిడకీ తెలీదు, చిన్నదానికీ తెలీదు. ఈసారి రంగేసేది చిన్నది. తను నోరు మూసుకుంటే చాలు.

"చెయ్యి పీకేస్తోందమ్మా," అంది పెద్ద నటి మణికట్టు నొక్కుకుంటూ. "ఆ గడియ పెట్టీ పెట్టీ. పెట్టినా ఆగదు ఆ పిల్ల."

"మరెందుకండీ పెట్టడం?"

"సీనులో ఉంది కదా."

తల వెనక తడుముకుని, "నా ముడి జారిపోతోంది, కాస్త చూస్తావా?" అంది.

పెద్దక్క సంచీలోంచి పిన్నులు తీసి, ఆ చీకట్లోనే జుట్టు విప్పి, చిక్కు తీసి, నెమ్మదిగా ముడి వేసింది. మెడ మీద చెయ్యి తగిలేసరికే ఆమె కళ్లు మూతలు పడ్డాయి. తల పెద్దక్క భుజం మీద వాలిపోయింది.

తెరమీద ఆమె సీనొచ్చింది. ముసలాయన వంగి, "లేపమంటారా?" అని గుసగుసగా అడిగాడు.

"పడుకోనివ్వండి," అంది పెద్దక్క.

మేకప్ గది తలుపు తెరిచే ఉంది. చిన్న నటి గడియ చప్పుడు కోసం చూసింది. కిటికీ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. తలుపులోంచి నడిచి వెళ్లొచ్చు, కానీ వెళ్లలేదు. స్టూలు మీద కూర్చుని కిరీటం ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు వణుకుతున్నాయి. ఇన్నేళ్లూ పరుగే తప్ప ఆ పిల్ల మొహం ఎవరూ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు హాలంతా చూస్తోంది.

"మాటలు మర్చిపోతే ఏం చెయ్యాలి," అని తనలో తనే అనుకుంది ఆ పిల్ల. "అడగడానికి ఆవిడా లేదు."

సినిమా ఆ గదిలోనే అయిపోయింది. లైట్లు వెలిగాయి. డబ్బులు వాపసు ఇమ్మని ఎవరూ అడగలేదు. "నేను చూసుకుంటాలెండి" అని ముసలాయన పెద్ద నటి తల కింద తన కండువా మడిచి పెట్టాడు.

గురువారం పదింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి పెద్ద కుర్చీలో కూర్చుంది. చిన్నది గిన్నెలో నల్లరంగు కలుపుతోంది. బ్రష్షు గిన్నెకి తగిలి టకటకమంటోంది. పెద్దక్క తొట్టి దగ్గర్నుంచి ఆ చేతికేసి చూసింది. అదీ వణుకుతోంది.

దగ్గరికెళ్లి, "ఆవిడకి ఇది పడదే," అంది మెల్లగా. "పై అరలో గోధుమ రంగు డబ్బా ఉంది, అది తియ్యి. ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడు."

చిన్నదాని చెయ్యి ఆగిపోయింది. గిన్నె పక్కన పెట్టి అద్దంలోంచే పెద్దక్కని చూసింది.

"నాకెందుకు చెప్పావక్కా?"

"అలిసిపోయానే," అంది పెద్దక్క.

చిన్నది స్టూలెక్కి పై అరలో డబ్బా తీసింది, దిగి ఆ స్టూలు కుర్చీ పక్కకి లాగింది. పెద్దక్క కూర్చుంది. "ఇంకెవరెవరికి ఏం పడదో చెప్పక్కా, రాసుకుంటా," అంది చిన్నది. పెద్దక్క కాళ్లు చాపుకుని, ఒక్కొక్కరి తలా గుర్తుచేసుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.