బెల్లం బన్ను

సెలవు మీద ఊరొచ్చినవాడు కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోవాలి. చిన్నబాబుకి ఆ యోగం లేదు. బెంగుళూరులో ఒక పెద్ద బేకరీలో అతను ఓవెన్ మాస్టరు. ఏడాదికోసారి దసరాకి పది రోజులు సెలవిస్తారు. కశింకోట దగ్గర అత్తవారింట్లో సంచి పడేసి, మర్నాడే భార్య కుమారిని వెంటబెట్టుకుని అనకాపల్లి బేకరీల మీద పడతాడు.

ఎగ్ పఫ్ చేతికిస్తే అందరిలా తినడు. ముందు విరుస్తాడు, పొరలు చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, ఆ తరవాతే కొరుకుతాడు. దిల్‌పసంద్‌లో కొబ్బరి ఆరిపోయిందా, రస్కు లోపలిదాకా కాలిందా, అన్నీ కావాలి అతనికి. మిఠాయి కొట్టు దగ్గర మాత్రం ఈ చాదస్తం కాస్త తగ్గుతుంది. వేడి జిలేబీ ముందు ఏ మాస్టరైనా మామూలు మనిషే కదా.

"తినడానికొచ్చేవా బావా, తప్పులు దిద్దడానికొచ్చేవా?" అంది కుమారి, అతని చొక్కా మీద రాలిన పఫ్ పొరలు దులుపుతూ. మేనమామ కూతురు కాబట్టి పెళ్ళై ఎనిమిదేళ్ళైనా ఆ పిలుపు మారలేదు.

"తప్పులేటే! ఇలాటి పఫ్ బెంగుళూర్లో ఎవడైనా సేత్తాడా? ఒక్కడి పేరు సెప్పు సూద్దాం!" అన్నాడు చిన్నబాబు, కొట్లో ఉన్న నలుగురికీ వినబడేలా. సొంత ఊరి మీద అతనికి అంత గీర.

ఊళ్ళో ఒక్క కొట్టు దగ్గర మాత్రం ఆ గీరంతా దిగిపోయేది. పైడితల్లి బేకరీ అది. ఏటా అక్కడికి వెళ్ళేవాడు, తల వంచుకుని ఒక బ్రెడ్డు కొనుక్కునేవాడు, లోపల ఎవరున్నారో చూడకుండా వచ్చేసేవాడు. లోపల ఉండేది తాతబ్బాయి, అతనికి ఓవెన్ పని నేర్పిన మాస్టరు. పద్నాలుగేళ్ళ క్రితం, పని బాగా పట్టుబడిందనుకున్న రోజుల్లో, చిన్నబాబు ఎవరికీ చెప్పకుండా బన్ను పిండిలో పంచదార బదులు బెల్లం కలిపాడు. బన్నులు పైన నల్లగా మాడి, లోపల పచ్చిగా మిగిలాయి. కొనడానికొచ్చినవాళ్ళందరి ముందూ తాతబ్బాయి ఆ ట్రేలన్నీ చెత్తడబ్బాలో బోర్లించాడు.

"బెల్లం పెతీ ఇంట్లోనూ ఉంటాది. దానికోసం బేకరీకెవడొత్తాడ్రా?" అని అరిచాడు. "నీ సెయ్యి ఓవెన్‌కి పనికిరాదు, పో!"

ఆయన్నని ఏం లాభం? బెల్లం దిమ్మలు బళ్ళకెక్కి దేశం మీదకు పోయే ఊళ్ళో, ఆ బెల్లాన్నే గాజు బీరువాలో పెట్టి అమ్మడం నామోషీ. బేకరీ అంటే తెల్లటి క్రీము ఉండాలి, ఎర్రటి చెర్రీ ఉండాలి. అందరూ అలాగే అనుకునేవాళ్ళు, ఆయనా అలాగే అనుకున్నాడు.

చిన్నబాబు రైలెక్కేశాడు. మళ్ళీ మళ్ళీ మాడబెట్టి, మాటలు పడి, చివరికి బెల్లాన్ని లొంగదీశాడు. ఇప్పుడు బెంగుళూరులో సాయంత్రం నాలుగైతే అతని బన్నుకి జనం లైను కడతారు. ఓనరుతో పోట్లాడి మరీ బోర్డు మీద 'అనకాపల్లి బన్' అని రాయించాడు. అయినా మనసులో ఒక ముల్లు. ఆ ఊరంతా మెచ్చుకున్నా, తాతబ్బాయి తిని బాగుందనేదాకా తను మాస్టరైనట్టు అతనికే నమ్మకం లేదు.

ఈ దసరాకి తేల్చుకోవాలనుకున్నాడు. బెంగుళూరు నుంచి బన్నులు మోసుకొస్తే ఒక రోజు పాతవైపోతాయి. పాతది పెట్టి మాస్టరుని మెప్పించడం ఎక్కడైనా ఉందా? అందుకని అత్తవారింట్లోనే బెల్లం కరిగించి, వడగట్టి, చల్లార్చి పిండి కలిపాడు. పెద్ద తపేలాలో పెట్టి, మీద తడిగుడ్డ కప్పి, భార్యతో షేర్ ఆటో ఎక్కాడు.

ఆటో నిండేదాకా డ్రైవరు కదల్లేదు. నిండాక కూడా ఇంకో ఇద్దరి కోసం చూశాడు. ఈలోపు ఎండ తన పని తాను చేసుకుపోయింది. చిన్నబాబు బెంగుళూరు చల్లదనానికి సరిపడే లెక్కలో పిండిని పొంగించే ఈస్ట్ వేశాడు మరి! సొంత ఊరి ఎండని మరిచిపోయినవాడికి అలాగే కావాలి. తడిగుడ్డ మెల్లగా పైకి లేచింది. పిండి అంచు దాటి పక్కనున్న ముసలావిడ ఒళ్ళోకి జారింది.

"ఏటి బాబూ, నీ తపేలాలోది బతికే ఉన్నట్టుందే!" అందావిడ. ఆటో అంతా నవ్వింది. చిన్నబాబు రెండు చేతులతో పిండిని అదిమి పట్టుకుని, ఊరొచ్చేదాకా చెమటలు కక్కాడు.

పైడితల్లి బేకరీలోకి అతను అడుగు పెట్టేసరికి తాతబ్బాయి ట్రేలు తుడుస్తున్నాడు. జుట్టంతా నెరిసింది గానీ గొంతు తగ్గలేదు.

"ఏడాదికో బ్రెడ్డు కొనుక్కుని దొంగలా పారిపోయేవోడివి, ఈయేల లోపలికే వచ్చేవేటి?"

ఇన్నేళ్ళూ ఆయన చూస్తూనే ఉన్నాడన్నమాట. చిన్నబాబు తపేలా కింద పెట్టాడు. "మాస్టరూ, ఓవెన్ ఒక్క అరగంట ఇప్పించండి. బన్ను పిండి. బెల్లం ఏసేను."

"ఇంకా ఆ పిచ్చి వదల్లేదా? నా ఓవెన్లో బెల్లం ఎక్కదు. పో."

అని తిరగబోయి, ఆయన తపేలా వైపు చూశాడు. ఎంత కోపమున్నా ఓవెన్ పనివాడు పొంగిన పిండిని చూడకుండా పోలేడు. దగ్గరికొచ్చి వేలితో నొక్కాడు. గుంట నెమ్మదిగా నిండింది.

"ఎంతసేపైందిరా కలిపి?"

"రెండు గంటలు దాటింది."

"సన్నాసీ! ఇంకో పావుగంట పోతే కూలిపోద్ది. నీతో తగువు తరవాత. పిండేం పాపం సేసింది? లోపలికి తే!"

చిన్నబాబు బల్ల మీద పొడిపిండి చల్లి, ముక్కలు తుంచి, రెండు చేతులతో రెండేసి బన్నులు చుట్టసాగాడు. తాతబ్బాయి ఆ చేతులనే చూస్తున్నాడు. కుమారికి నోరాగలేదు. "బెంగుళూర్లో మా బావ బన్నుకి లైను కడతారండీ. బోర్డు మీద మనూరి పేరే రాయించేడు" అంది.

"తెలుసమ్మా. మనోళ్ళు పోటో తీసి సూపించేరు" అన్నాడాయన, ఇంకెటో చూస్తూ.

ట్రే ఓవెన్ దగ్గరికి వచ్చింది. ఆయన ఎప్పటి వేడి మీదే లోపలికి తోయబోయాడు.

"ఆగండి మాస్టరూ," అన్నాడు చిన్నబాబు. ఆయనకి ఎదురు చెప్పడం జన్మలో అదే మొదలు. "ఏడి తగ్గించాలి. పంచదారలాగ ఊరుకోదు బెల్లం, పైన ముందే నల్లబడిపోద్ది. అప్పుడు మాడింది అందుకే. తప్పు నాదే."

తాతబ్బాయి ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. తరవాత చేతిగుడ్డ అతనికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

బన్నులు ఎర్రటి రంగుతో, కమ్మటి వాసనతో వచ్చాయి. తాతబ్బాయి ఒకటి విరిచాడు. లోపల చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, అప్పుడు కొరికాడు. కుమారికి నవ్వొచ్చింది, మొగుడి చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికి తెలిసింది.  తాతబ్బాయి బన్ను మొత్తం తిన్నాడు. బాగుందనలేదు, బాగులేదనలేదు. ట్రే ఎత్తుకుని ముందు కొట్లోకి నడిచాడు.

అక్కడ గాజు బీరువా పై అరలో ఉన్న క్రీమ్ బన్నుల్ని కింది అరలోకి దించాడు. ఆ చోట బెల్లం బన్నుల్ని వరసగా పేర్చాడు.

అచ్యుతాపురం కంపెనీ బస్సు అప్పుడే ఆగింది. షిఫ్టు దిగిన ఆడపిల్లలు పఫ్‌ల కోసం కొట్లోకి వచ్చారు.

"ఇయ్యేటి బాబాయ్, ఇంత ఎర్రగున్నాయి?" అందొక అమ్మాయి.

"బెల్లం బన్నమ్మా."

"బేకరీలో బెల్లమేటి?"

"తిని మాటాడు" అన్నాడు తాతబ్బాయి. ఆ పిల్ల కొరికింది, కళ్ళు పెద్దవి చేసింది, ఇంకో నాలుగు కట్టమంది. "ఎంత బాగున్నాయో! నువ్వే సేసేవా బాబాయ్?"

అవునంటే అడిగేవాళ్ళు లేరు. కొట్టు ఆయనది, ఓవెన్ ఆయనది.

"నేను కాదు." ఆయన వెనక్కి తిరిగి, పిండి చేతులతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని అందరికీ చూపించాడు. "అదిగో, సిన్నబాబు మాస్టరు. నా దగ్గిరే నేర్చుకున్నాడు. ఇప్పుడు నాకే నేర్పేడు."

చిన్నబాబు కన్నీళ్ళు తుడుచుకోబోయి మొహమంతా పిండి పులుముకున్నాడు. సొంత ఊళ్ళో అతన్ని మాస్టరని పిలిచిన మొదటి మనిషి తాతబ్బాయే.